అన్న బొటనవేలు

ఫిబ్రవరి 2, ఆదివారం

ఈ రోజు వాక్యం నిప్పులా వచ్చింది. నేను మాట్లాడలేదు, నా నోరు మాట్లాడింది. తాగేవాడి సంగతి తర్వాత, తాగించేవాడి సంగతి ముందు తేల్చుదామని మొదలుపెట్టాను. సీసా నింపేవాడు, సీసా మోసేవాడు, ఆ సీసాకు రంగురంగుల చొక్కా తొడిగేవాడు, ముగ్గురూ ఒకే బండెక్కి నరకానికి పోతారన్నాను. చొక్కా మాట దగ్గర నా చూపు మూడో బెంచీ మీదికి వెళ్లింది. పేరు చెప్పలేదు. చెప్పానని ఎవరైనా అంటే అబద్ధం.

మూడో బెంచీలో అన్నా వదినా కూర్చుంటారు. మద్యం దుకాణం వాళ్ల అట్టపెట్టెలు అన్న ప్రెస్సులోనే అచ్చవుతున్నాయని సంఘంలో తెలియనివాళ్లు లేరు. అందరి తలలూ అటు తిరిగాయి. అన్న లేచాడు. వదిన చేతిసంచీ కోసం తడుముకుంటుంటే “రా” అన్నాడు, అంతే. ఇద్దరూ మధ్య దారిలోంచి నడిచి వెళ్లిపోయారు.

గుచ్చుకుంటే లేస్తారు మరి. గుచ్చుకోని సత్యం ఎవరికి కావాలి?

ఫిబ్రవరి 3, సోమవారం

మధ్యాహ్నం భోజనానికి మేడ దిగలేదు. దిగితే ప్రెస్సులోంచి నడిచి వెనక వంటింట్లోకి పోవాలి, అన్న ఎదురుగా. కాసేపటికి మెట్ల మీద వదిన అడుగుల చప్పుడు. గుమ్మంలో మూతపెట్టిన పళ్లెం.

“మాట్లాడకపోయినా తినొచ్చు అబ్బాయ్. దానికి వాక్యం అడ్డురాదులే.”

“అన్న తిన్నాడా?”

“వెళ్లి అడుగు. మెట్లేం అరిగిపోవు.”

నా గది నేల కింద యంత్రం తన పాట తను పాడుకుంటూనే ఉంది. రెండు చిన్న దరువులు, ఒక పెద్ద నిట్టూర్పు. అట్ట లోపలికి, రంగు దాని మీదికి, వేడి రోలర్ల మధ్యనుంచి బయటికి. ఈ చప్పుడు లేకుండా నాకు ప్రార్థన కూడా కుదరదు.

ఫిబ్రవరి 5, బుధవారం

పిచ్చుక నుంచి సందేశం. ఆమె అసలు పేరు తెలియదు, ముఖం చూడలేదు. మా కంప్యూటర్లను నడిపే ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌ను జీతం లేకుండా నిలబెడుతున్న మాలాంటి వాళ్లలో ఒకతె. పగలు ఏదో ఆసుపత్రిలో ఉద్యోగం, తీరిక దొరికితే కొత్త వెర్షన్లు విడుదలయ్యే వాకిట్లో కాపలా.

“అన్నా, కొత్త కంపైలరు దగ్గర మీ చిన్నది కూలబడింది. మార్చి 15న తలుపులు మూస్తున్నాం. ఆలోగా లేపి నిలబెట్టకపోతే ఈ విడుదలలో దానికి చోటుండదు. పెద్దదాని సంగతి మేం చూసుకుంటాం.”

కంపైలరంటే మేం రాసిన ప్రోగ్రామును కంప్యూటరు భాషలోకి మార్చేది. పెద్దది పేజీలు కూర్చే ప్యాకేజీ. అక్షరాలను వరుసల్లో, వరుసలను పేజీల్లో పొందికగా పేర్చేది. వేలమంది వాడతారు కాబట్టి దానికి దిక్కైనవాళ్లు చాలామందే ఉన్నారు. చిన్నది అచ్చుయంత్రం డ్రైవరు. కంప్యూటరు మాటను కింద అన్న దగ్గరున్న యంత్రానికి అర్థమయ్యేలా చెప్పే దుబాసీ. ఆ యంత్రం చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. వాళ్లు చేతులెత్తేసిన చోట నేను చెయ్యి పెట్టాను. బడి సగంలో మానేసినవాణ్ణి. గ్రంథాన్ని వేలు పెట్టి వరుస వరుస ఎలా చదువుకున్నానో, ప్రోగ్రాము రాయడమూ అలాగే నేర్చుకున్నాను.

ఏ ప్యాకేజీ ఎన్ని కంప్యూటర్లలో ఉందో వారం వారం ఒక లెక్క వస్తుంది. చిన్నది రెండు చోట్ల ఉంది. ఒకటి కింద, ఒకటి ఈ బల్ల మీద.

నవ్వుకునేవాళ్లు నవ్వుకోనీ. తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం మందను విడిచి కొండలెక్కిన కాపరి గురించి గొంతు చించుకునేవాణ్ణి నేను. ఒక్కటి చాలు.

అంత మందం అట్టను మింగే యంత్రం అన్నకు మరొకటి దొరకదు. అది ఆగితే ప్రెస్సు ఆగుతుంది. ప్రెస్సు ఆగితే, ఆ మాట రాయను.

ఫిబ్రవరి 9, ఆదివారం

మూడో బెంచీ ఖాళీ. కూర్చోవద్దని ఎవరూ చెప్పకపోయినా ఎవరూ కూర్చోలేదు. ఓర్పు గురించి బోధించాను. బాగానే వచ్చింది.

ఫిబ్రవరి 12, బుధవారం

చిన్నది ఇంకా ఎరుపే. కంపైలరు ఒప్పుకుంటేనే తెర మీద దాని గుర్తు పచ్చబడుతుంది.

ఫిబ్రవరి 17, సోమవారం

దోషం దొరికింది. వేడి సంగతి చూసే భాగం. అప్పట్లో నేను రాసిన తీరును పాత కంపైలరు చూసీచూడనట్టు వదిలేసేది. కొత్తది పరిసయ్యుడిలా చుక్క చుక్కకూ లెక్క అడుగుతోంది. ఆ భాగమంతా పీకి తిరగరాయాలి.

యంత్రానికి సొంత తెలివి లేదు. హీటరు ఎప్పుడు వెలగాలి, ఎంత వేడెక్కాలి, ఎప్పుడు చల్లారాలి, అన్నీ డ్రైవరే చెప్పాలి. చెప్పేవాడు లేకపోతే అది అలాగే కాగుతూ కూర్చుంటుంది. మనుషుల్లోనూ అలాంటివాళ్లున్నారు. దీని మీద ఒక ఆదివారం బోధించవచ్చు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

పచ్చబడింది! స్తోత్రం!

ఇక మిగిలింది అన్న బొటనవేలు. ప్రతిసారీ ఇంతే. కొత్త వెర్షన్ పంపే ముందు కింది యంత్రం మీద ఒక పరీక్షపేజీ వేస్తాం. నల్లటి చదరం, సన్నటి గీతలు, పెద్దాచిన్నా అక్షరాలు. యంత్రం ఖాళీ అవగానే అన్న చీపురుకర్రతో పైకప్పుకు రెండు పోట్లు పొడుస్తాడు, దిగి రమ్మని. పేజీని వేడివేడిగా అందుకుని నల్లటి చదరాన్ని బొటనవేలితో గట్టిగా రుద్ది, ఆ వేలు నా ముఖం ముందు పెడతాడు. మసి అంటితే, “ఇంకా పచ్చిగా ఉందిరా, తీసుకుపో.” అంటకపోతే, “ఉడికింది, పంపెయ్.” ఆ తర్వాత కూడా కదలడు. రోలర్ల మూత మీద అరచెయ్యి వేసి, పసిపిల్లకు జ్వరం చూసినట్టు, అది చల్లారేదాకా నిలబడతాడు. ఆ ‘పంపెయ్’ వినకుండా నేను ఇన్నేళ్లలో దేన్నీ పంపలేదు.

రేపు దిగుతాను.

ఫిబ్రవరి 22, శనివారం

దిగలేదు.

ఫిబ్రవరి 25, మంగళవారం

సగం మెట్ల దాకా దిగాను. కింద ఎవరో మద్యం పెట్టెల మనిషి పెద్ద గొంతుతో అన్నతో మాట్లాడుతున్నాడు.

“మెల్లగా,” అన్నాడు అన్న. “మేడమీద ప్రవక్తగారున్నారు. మీ గొంతు చెవిన పడిందంటే వచ్చే ఆదివారం మీకూ నరకానికి టికెట్టు కోసేస్తారు.”

“మీకు కోసేశారా ఏంటి?”

“నాకు ఎక్కాల్సిన బండి కూడా చూపించారు.”

ఇద్దరూ నవ్వారు. అన్న నవ్వు నాకు తెలుసు. అది నవ్వు కాదు.

పరీక్షపేజీ ఎక్కించిన పెన్‌డ్రైవు చేతిలో పట్టుకుని వెనక్కి ఎక్కాను. ఎగతాళి చేసేవాళ్ల సరసన చేరవద్దని గ్రంథంలోనే ఉంది.

మార్చి 4, మంగళవారం

వదిన పళ్లెం పెట్టి వెళ్లిపోలేదు. పై మెట్టు మీద చతికిలబడింది.

“ఇదిగో అబ్బాయ్, ఎన్నాళ్లీ మూతిముడుపు? మీ అన్న నిద్దట్లో పళ్లు నూరుతున్నాడు. కిందికొచ్చి ఒక్క మాట అను, పోతుంది.”

“ఏ మాట?”

“పొరపాటైందని.”

“వాక్యం పొరపాటు కాదు వదినా.”

“వాక్యాన్ని ఎవరేమన్నారు? నీ చూపు సంగతి అడుగుతున్నా. ఆ చూపు కూడా గ్రంథంలో రాసుందా?”

నేను పళ్లెం మూత సర్దాను.

“ఏళ్లుగా ఒక్క ఆదివారం కూడా మానలేదు మీ అన్న. నీ బోధ అర్థమయ్యి కాదు. తన తమ్ముడు మాట్లాడుతున్నాడని వచ్చేవాడు.”

“అన్న అని చూసి నోరు మూసుకునేవాడు బోధకుడెలా అవుతాడు?”

“అబ్బో. అయితే అన్న వంటింటి పళ్లెం మాత్రం ఎందుకు, తీసుకుపోనా?”

తీసుకుపోలేదు. ఆమె వెళ్లాక తిన్నాను. చల్లారిపోయింది.

మార్చి 8, శనివారం

కిందనుంచి పైకప్పుకు రెండు పోట్లు. కాసేపాగి మళ్లీ రెండు.

బూజు దులుపుతున్నట్టున్నారు.

మార్చి 11, మంగళవారం

పిచ్చుక అడిగింది. “ఇంకా పంపలేదేం అన్నా? పచ్చబడిందన్నారుగా.”

“పంపుతున్నాను.”

“యంత్రం మీద వేసి చూశారా? ఆ యంత్రం ఇక్కడెవరి దగ్గరా లేదు. మీరు చూశానంటే మాకు అదే ప్రమాణం.”

“చూశాను.”

“అయితే ఇంక అడిగేదేముంది.”

అబద్ధం కాదు. పరీక్షపేజీని యంత్రానికి బదులు ఫైలులోకి అచ్చేశాను. యంత్రానికి వెళ్లాల్సిందంతా ఫైలులో పడింది. తెర మీద తెరిచి చూశాను. నల్లటి చదరం నల్లగా ఉంది, గీతలు గీతల్లా ఉన్నాయి. చూశానా? చూశాను. ఎన్నడూ కంటికి కనబడనివాణ్ణి నమ్మి ముప్పై ఏళ్లుగా బతుకుతున్నాను, తెర మీద కనబడేదాన్ని నమ్మలేనా?

పంపేశాను.

మార్చి 15, శనివారం

తలుపు మూశారు. చిన్నది లోపలుంది! వానకు ముందు ఓడలోకి దూరిన ఆఖరి జంతువులా, తోక నలిగీ నలగకుండా. స్తోత్రం, స్తోత్రం, స్తోత్రం.

కింద చెప్పాలనిపించింది. గట్టిగా పాటెత్తుకున్నాను, నేలకు వినబడేలా. కింద దరువు ఒక్క క్షణం ఆగినట్టనిపించింది. మళ్లీ మొదలైంది.

మార్చి 16, ఆదివారం

ఓడ గురించి బోధించాను. మూడో బెంచీ ఖాళీ.

మార్చి 18, మంగళవారం

కింది కంప్యూటరును సర్దిపెట్టింది నేనే. కొత్త వెర్షన్ లోపలికి రాగానే దానంతట అదే దించుకుంటుంది, అన్న దాని జోలికి పోనక్కర్లేదు. ఈపాటికి దించుకునే ఉంటుంది.

ఒకసారి వెళ్లి యంత్రం పక్కన నిలబడితే బాగుండును. ఏమని వెళ్లను? తెర మీద బాగానే ఉంది. బాగానే ఉంది.

మార్చి 19, బుధవారం

దరువు ఆగింది. అన్న భోజనానికి లేచి ఉంటాడు. నిట్టూర్పు మాత్రం ఆగలేదు, పొడుగ్గా వస్తూనే ఉంది.

ఈ వాసనేమిటి

మార్చి 20, గురువారం

పని అయిపోగానే యంత్రానికి ‘చల్లారు’ అన్న ఆజ్ఞ వెళ్లాలి. వెళ్లలేదు. అన్న వెనక భోజనం చేస్తున్నాడు. ఆఖరి అట్ట రోలర్ల మధ్య చిక్కుకుని మాడింది, దానితోపాటు రోలర్లు కరిగాయి.

నేను దిగేసరికి ప్రెస్సు నిండా పొగ, రబ్బరు కాలిన కంపు. వదిన బిందె ఎత్తుకుని పరిగెత్తుకొస్తోంది. “నీళ్లొద్దే! కరెంటుంది!” అని అన్న అరుస్తున్నాడు. మెయిన్ స్విచ్చి నేనే ఆపాను. అది ఇక్కడ ఉండాలి. స్విచ్చి ఆపింది నేను.

అప్పటికే అన్న మూత ఎత్తి మండుతున్న అట్టను చేత్తో పట్టి లాగాడు. కుడిచెయ్యి. కరిగిన రబ్బరు బొటనవేలికీ చూపుడువేలికీ అంటుకుపోయింది. చేతిని తొట్టిలో ముంచి గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

“కొత్తది దిగిందా?”

ఆ ఆదివారం తర్వాత అన్న నాతో అన్న మొదటి మాట అది.

“దిగింది.”

“నా దగ్గరికి తేలేదేం?”

నేను మెయిన్ స్విచ్చికేసి చూశాను.

“నీతో మాట్లాడకూడదనుకున్నాను గానీ, పేజీ చూడనన్నానారా? కర్రతో పిలిచాను కూడా.”

“బూజు దులుపుతున్నారనుకున్నాను.”

నిజంగానే అనుకున్నాను. ఆ రోజు పేజీలో అలాగే రాసుకున్నాను, ఇప్పుడే వెనక్కి తిప్పి చూశాను.

వదిన పైకప్పుకేసి చూసింది. మూలల్లో బూజు వేలాడుతోంది.

మార్చి 21, శుక్రవారం

వేడి మితిమీరితే తనే కాలిపోయి కరెంటు తెంచే ఫ్యూజు ఒకటి ఆ యంత్రంలో ఉండాలి. అది ఎప్పుడో పోయింది. మరొకటి దొరక్క దాని చోట అన్న రాగితీగ కట్టాడు. ఫ్యూజు ఉండి ఉంటే ఏమీ అయ్యేది కాదు. తీగ కట్టింది అన్న.

మార్చి 22, శనివారం

తీగ కట్టింది నేను కాదు.

మార్చి 23, ఆదివారం

గ్రంథం తెరిచాను. అందరూ నా నోటికేసి చూశారు. గ్రంథం మూశాను. వాళ్లే ఏవో పాటలు పాడుకుని వెళ్లిపోయారు.

మార్చి 26, బుధవారం

మెకానిక్ వచ్చాడు. మూత విప్పి, టార్చి వేసి, లోపల చాలాసేపు చూశాడు. నేను మెట్ల మీద నిలబడ్డాను.

“డాక్టర్లు చెప్పే మాటే నేనూ చెబుతానండీ. కావలసినవాళ్లకు కబురు పెట్టుకోండి.”

“రోలర్లు మారిస్తే?”

“ఎక్కడ దొరుకుతాయి? చేసినవాడే లేడు. ఇంతకాలం దీన్ని ఎలా నడిపించారో, అది చెప్పండి ముందు.”

అన్న కట్టు కట్టిన చేతిని యంత్రం మూత మీద వేసి, తీసేశాడు.

మెకానిక్ తలెత్తి నన్ను చూశాడు. “వారెవరు?”

“మేడమీద ఉంటాడు,” అన్నాడు అన్న.

మార్చి 27, గురువారం

మేడమీద ఉంటాడు.

మార్చి 29, శనివారం

దొరికింది. పాత భాగాన్ని పీకి కొత్తది రాసేటప్పుడు చివరి వరుస వదిలేశాను. చల్లారమని చెప్పే వరుస. ఫైలులోకి అచ్చేసినప్పుడూ అది లేదు. తెర మీద ఉన్నది చూశాను గానీ లేనిదాన్ని ఎలా చూస్తాను? తెరకు వేడి తెలియదు. అన్న అరచేతికి తెలిసేది. మూత మీద చెయ్యి వేసి నిలబడి ఉంటే రెండు నిమిషాల్లో “ఒరేయ్, ఇది ఆరడం లేదురా” అనేవాడు.

తీగ గనక లేకపోతే

ఏప్రిల్ 1, మంగళవారం

“దిద్దాను, లోపలికి రానివ్వమ్మా,” అని పిచ్చుకకు రాశాను.

“మూసిన తలుపు ఊరికే తెరవలేను అన్నా. ఏమైంది?”

“పని అయ్యాక హీటరు ఆరడం లేదు.”

“యంత్రం మీద చూశానన్నారుగా?”

“తెర మీద చూశాను.”

“ఎవరికైనా ఏమైనా అయిందా?”

లేదన్నాను.

“సరే. మరి దిద్దినదాన్ని ఈసారి ఎవరి యంత్రం మీద చూస్తారు?”

ఒకప్పుడు గాడిద నోట కూడా దేవుడు మాట పలికించాడు. ఇంత నోరున్న నాకు ఒక్క మాట దొరకలేదు.

ఏప్రిల్ 7, సోమవారం

యంత్రాన్ని పాత ఇనుము వాళ్లు ముక్కలుగా విప్పి తీసుకుపోయారు. అది నిలబడ్డ చోట గచ్చు మీద నలుచదరంగా తెల్లటి మచ్చ. అన్న స్టేషను అవతల పెద్ద ప్రెస్సులో అట్టలు కోసే పనికి కుదిరాడు. కుడిచేతి రెండు వేళ్లు వంగడం లేదు. ఎడమచేత్తో అలవాటు చేసుకుంటున్నాడట. తెల్లవారగానే వెళ్తాడు. కిటికీలోంచి చూస్తాను. తలెత్తడు.

వదిన పళ్లెం తెచ్చింది.

“సంతోషమేగా ప్రవక్తగారూ? మీ బోధ ఫలించింది. మా ఇంట్లో ఇక సీసాల పెట్టెలు అచ్చు కావు.”

“నేను కోరింది ఇది కాదు వదినా.”

“మీరు కోరిందేమిటో నాకు తెలియదు. జరిగింది మాత్రం అదే.”

ఇన్నేళ్లలో మొదటిసారి నన్ను ‘మీరు’ అంది. అయినా పళ్లెం పెట్టే వెళ్లింది. పెట్టకుండా వెళ్లి ఉంటే బాగుండేది.

ఏప్రిల్ 13, ఆదివారం

కింది కంప్యూటరు తీగలు చుట్టి అటక మీద పడేశారు. ఈ వారం లెక్క వచ్చింది. ఒకటి.

సంఘానికి వెళ్లలేదు. మూడో బెంచీలో ఇప్పుడు ఎవరో కొత్తవాళ్లు కూర్చుంటున్నారట.

ఏప్రిల్ 18, శుక్రవారం

పొద్దున్నే పిచ్చుక రాసింది.

“అన్నా, ఆఖరిసారి అడుగుతున్నా. దిద్దినదాన్ని రానివ్వనా, చిన్నదాన్ని తీసెయ్యనా? తీసెయ్యడమే మంచిదని నాకనిపిస్తోంది. దాన్ని నమ్ముకుని ఇంకా ఎవరైనా ఉన్నారా?”

గ్రంథం పక్కనే ఉంది. తెరవలేదు. కింద ఏ చప్పుడూ లేదు. వదిన కూడా ఎటో వెళ్లినట్టుంది. ఒకసారి కాలితో నేల మీద రెండు పోట్లు పొడిచాను. ఊరికే.

“ఒకరున్నారు,” అని రాశాను.

“అయితే సరే. ఈసారి వాళ్లకు చూపించి, వాళ్లు బాగుందన్నాకే పంపండి.”

పరీక్షపేజీని ఫైలులోకి అచ్చేశాను. తెర మీద తెరిచాను. నల్లటి చదరం మీద బొటనవేలు పెట్టి గట్టిగా రుద్ది, ఆ వేలు నా ముఖం ముందు పెట్టుకున్నాను.

మసి అంటలేదు.

పంపేశాను.